వెళ్లకముందే పెట్టుకునే బెంగ: జపాన్ వీడ్కోలు పాటల కథ

జపాన్‌కి వెళ్లిన కొత్తలో ఓ రాత్రి సూపర్‌మార్కెట్‌లో నూడుల్స్ ప్యాకెట్ పట్టుకుని, దాని మీద ఏం రాసుందో అర్థంకాక అటూ ఇటూ తిప్పి చూస్తున్నాను. అప్పటిదాకా ఏదో హుషారు సంగీతం మోగుతోంది. ఉన్నట్టుండి అది ఆగి, ఉయ్యాల ఊపినట్టుండే ఓ బాణీ మొదలైంది. ఎక్కడో విన్నదే. చుట్టూ చూస్తే మిగిలిన నలుగురైదుగురూ బుట్టలు పట్టుకుని కౌంటర్ వైపు నడుస్తున్నారు. మైకులో ఎవరూ ఏమీ చెప్పలేదు. కొట్టు కట్టేస్తున్నాం, ఇక దయచేయండి అని పాటతోనే చెప్పారన్నమాట. మర్నాడు ఆఫీసులో పక్క సీటాయన్ని అడిగితే నవ్వాడు. "అది బడి వదిలే రోజు పాడే పాట. వింటే కాళ్లు వాటంతటవే తలుపు వైపు వెళ్తాయి" అన్నాడు.

ఆయన చెప్పింది సగమే నిజమని చాలా రోజులకు తెలిసింది. ఆ సంగతికి తర్వాత వస్తాను.

జపనీస్‌లో చదువు పూర్తిచేసి బడి వదలడాన్ని 'సొత్సుగ్యో' అంటారు. ఆ మాట చుట్టూ అల్లుకున్న పాటలు నూట నలభై ఏళ్లకు పైగా పోగయ్యాయి. ప్రభుత్వం పాఠ్యపుస్తకంలో పెట్టినవి ఉన్నాయి, బడి పంతుళ్లు కట్టినవి ఉన్నాయి, రాక్ బ్యాండ్లు పాడినవి ఉన్నాయి. వాటి మీద మొదట ఆసక్తి పుట్టినప్పుడు నన్ను తికమకపెట్టింది ఒకటే. పాడేది పదిహేనేళ్ల పిల్లలు. ఒంటి మీద ఇంకా యూనిఫాం ఉంది, పక్కనే స్నేహితులున్నారు, బడి గంట కూడా ఇంకా మోగుతూనే ఉంది. అయినా పాటలో మాత్రం 'ఆ రోజులు' అంటూ ఎప్పుడో గడిచిపోయినట్టు పాడతారు. మనకి బెంగ అనే మంచి మాట ఉంది. మనిషి వెళ్లాక పెట్టుకుంటాం. అమ్మ ఊరెళ్లాక పసివాడు పెట్టుకుని జ్వరం తెచ్చుకుంటాడు. జపాన్ పిల్లలు దాన్ని వెళ్లకముందే పెట్టుకుంటున్నారు, పైగా నెల రోజులు రిహార్సల్ చేసి మరీ.

ఇంకో చిక్కు కూడా ఉంది. ఇవన్నీ బడి గురించి రాసిన పాటలే అనుకుంటాం. బాగా పేరున్న వాటిలో కొన్ని అసలు కావు. ఒకటి పాత మిత్రులు గ్లాసులెత్తి పాడుకునేది, ఒకటి పెళ్లి పాట, ఒకటి ప్రియురాలు కాదన్నాక రాసుకున్నది. వాటన్నిటినీ పట్టుకొచ్చి బడి జిమ్నాజియంలో నిలబెట్టింది మార్చి నెల.

అందుకే ముందు క్యాలెండర్ చూడాలి. జపాన్ ప్రభుత్వ ఆర్థిక సంవత్సరం 1886 నుంచి ఏప్రిల్‌లో మొదలవుతోంది. బడులు ఒక్కొక్కటిగా దాని వెనకే నడిచాయి. సెప్టెంబరును వదలని ఇంపీరియల్ యూనివర్సిటీలు కూడా 1921కి దారికొచ్చాయి. కంపెనీలు కొత్తవాళ్లను చేర్చుకునేదీ ఏప్రిల్ 1నే, ఉద్యోగుల బదిలీలు ఎక్కువగా పడేదీ ఆ రోజుల్లోనే. అంటే మార్చి ఆఖరు రెండు వారాల్లో దేశంలో సగం మంది సామాన్లు సర్దుకుంటున్నట్టుంటుంది.

మనకూ ఆర్థిక సంవత్సరం ఏప్రిల్‌లోనే మొదలవుతుంది గానీ బడి తెరిచేది జూన్‌లో. పదో తరగతి ఏ రోజున అయిపోయిందని అడిగితే మనం చెప్పలేం. ఫేర్‌వెల్ పార్టీ పరీక్షలకు ముందే అయిపోతుంది. ఆఖరి పరీక్ష రాసొచ్చి చొక్కాల మీద ఇంకు చల్లుకుంటాం. తర్వాతెప్పుడో రిజల్ట్స్. ఆపైన ఓ మధ్యాహ్నం టీసీ కోసం ఆఫీసు గది ముందు నిలబడటం. వీడ్కోలు నాలుగు ముక్కలైపోయి ఏ ముక్కలోనూ తీరిగ్గా ఏడవడానికి వీలుండదు. జపాన్‌లో దాన్నంతా ఒక్క పూటలోకి కుదించారు. జిమ్నాజియంలో ఎరుపు తెలుపు చారల తెరలు కడతారు. ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలుస్తారు. గట్టిగా 'హాయ్' (మన 'ప్రెజెంట్' లాంటి మాట) అని పలికి లేచి వెళ్లి రెండు చేతులతో సర్టిఫికెట్ అందుకోవాలి. కింది తరగతుల తరఫున ఒకరు వీడ్కోలు మాట చదువుతారు, వెళ్లేవాళ్ల తరఫున ఒకరు జవాబు చదువుతారు. ఎప్పుడు లేవాలి, ఎంత వంగాలి, పాటలో ఎక్కడ ఊపిరి తీసుకోవాలి, అన్నీ ముందే నేర్పుతారు. కన్నీళ్ల సంగతి పాట చూసుకుంటుంది.

ఆ పని మొదట చేసిన పాట పరాయి దేశానిది. ఇసవా షూజీ అనే విద్యాధికారి 1875లో చదువుకోడానికి అమెరికా వెళ్లి మసాచుసెట్స్‌లోని బ్రిడ్జ్‌వాటర్ నార్మల్ స్కూల్లో చేరాడు. మిగతా చదువు వచ్చింది గానీ పాట కొరుకుడు పడలేదు. బోస్టన్ బడుల్లో సంగీతం నేర్పే లూథర్ వైటింగ్ మేసన్ దగ్గర విడిగా పాఠాలు చెప్పించుకున్నాడు. తర్వాత 1880లో ఆ మేసన్‌నే జపాన్‌కి పిలిపించారు. ఇద్దరూ కూర్చుని బడిపిల్లల కోసం పాటల పుస్తకాలు తయారుచేశారు. 1881 తేదీతో వచ్చిన మొదటి భాగంలో 'హొతారు నో హికారి' ఉంది, అంటే మిణుగురుల వెలుగు. బాణీ స్కాట్లండ్ వాళ్ల 'ఓల్డ్ లాంగ్ సైన్'.

ఆ బాణీ జపాన్ గొంతులకు ఎందుకు అతికిందో మనకి చెప్పడం తేలిక. పాశ్చాత్య స్వరాల్లో నాలుగోది, ఏడోది అప్పటి జపాన్ చెవికి కొత్త. ఆ రెండూ తీసేసిన వరసను వాళ్లు 'యొనానుకి' అంటారు. యొ అంటే నాలుగు, నా అంటే ఏడు, నుకి అంటే తీసేయడం. మధ్యమం, నిషాదం పోతే మిగిలేది స రి గ ప ద. మన మోహన! స్కాట్లండ్ పాట కూడా ఆ ఐదు స్వరాల మీదే నడుస్తుంది. సంగీతం క్లాసులో పిల్లాడికి మోహన ఎంత తొందరగా పట్టుబడుతుందో, అక్కడా అంతే తొందరగా పట్టుబడింది. దాదాపు ఆ రోజుల్లోనే కలకత్తాలో రవీంద్రనాథ్ టాగోర్ అదే బాణీకి పాత రోజులు తలుచుకునే బెంగాలీ మాటలు కట్టాడు. ఆ పాట బెంగాల్లో ఇప్పటికీ ఇంటింటా పాడతారు.

మాటల్లోని మిణుగురులు చైనా నుంచి వచ్చాయి. దీపం నూనెకు డబ్బుల్లేని ఒక కుర్రాడు మిణుగురులను సంచిలో పోసి ఆ వెలుగులో చదివాడు, ఇంకొకడు కిటికీ బయటి మంచు మీద పడే వెలుగులో చదివాడు. మనం వీధి దీపం కింద చదివి గొప్పవాళ్లైన వారి గురించి చెప్పుకుంటామే, అలాంటివి. అలా చదువుతూ ఏళ్లు గడిచాయి, ఈ ఉదయం తలుపు తీసుకుని విడిపోతున్నాం అంటుంది పాట. ఇప్పుడు రెండు చరణాలే పాడతారు గానీ మొదట నాలుగుండేవి. నాలుగో చరణంలో ఉత్తరాన చిషిమా (కురిల్) దీవుల నుంచి దక్షిణాన ఒకినావా దాకా దేశాన్ని కాపాడమని వెళ్లే పిల్లలకు చెప్పారు. సామ్రాజ్యం పెరిగాక ఆ వరుసలో తైవాన్, కరఫుతో (సఖాలిన్ దీవి) పేర్లొచ్చి కూర్చున్నాయి. రెండో ప్రపంచ యుద్ధంలో ఓడిపోయాక మూడో చరణం, నాలుగో చరణం పాడటం మానేశారు.

1884లో వచ్చిన రెండో పాట 'ఆఓగెబా తోతోషి'. గురువుల మేలు తలుచుకునే పాట. దాదాపు నూట ముప్ఫై ఏళ్లపాటు దాని బాణీ ఎక్కడిదో ఎవరికీ అంతుపట్టలేదు. ఇసవాయే కట్టాడన్నవాళ్లూ ఉన్నారు. చివరికి 2011లో సకురాయ్ మసతో అనే ప్రొఫెసర్ పాత పుస్తకాలు తిరగేస్తూ, 1871లో అమెరికాలో అచ్చైన ఓ పాటల సంకలనంలో దాన్ని పట్టుకున్నారు. అక్కడ కూడా అది బడి చివరి రోజు పాటే! పుట్టిన దేశంలో ఎవరికీ గుర్తులేని పాటను పరాయి దేశంలో తరతరాలు పాడుకున్నాయి. అయితే యుద్ధం తర్వాత దీనికి కష్టాలొచ్చాయి. పైకి రా, పేరు తెచ్చుకో అనే మాట ఒకటి అందులో ఉంది. గురువుకి తలవంచడం, పేరు కోసం పాకులాడటం కొత్త కాలానికి సరిపడవని కొందరు టీచర్లకే అనిపించింది. భాష కూడా గ్రాంథికం, ఏడో తరగతి పిల్లలకు అర్థంకాదు. మెల్లగా పక్కకు జరిగింది.

ఇప్పుడు సూపర్‌మార్కెట్ సంగతి. నేను విన్నది బడి పాట కాదు. 1940 నాటి అమెరికన్ సినిమా 'వాటర్లూ బ్రిడ్జ్'లో ప్రేమికులు నాట్యం చేసే ఘట్టానికి అదే స్కాటిష్ బాణీని మూడు లెక్కలో వాల్ట్జ్‌గా మార్చి వాడారు. ఆ సినిమా 1949లో జపాన్‌లో ఆడినప్పుడు అందరికీ అది నచ్చింది. కొసెకి యూజి అనే సంగీతకర్త దాన్ని రికార్డు కోసం తిరిగి కూర్చాడు. పేరు 'వకారె నో వాల్ట్జ్', వీడ్కోలు వాల్ట్జ్. కొట్లు కట్టేసేటప్పుడు మోగేది ఎక్కువగా అదే. మూడు లెక్కలో ఊగితే కొట్టు, నాలుగు లెక్కలో నడిస్తే బడి. మా పక్క సీటాయనతో సహా చాలామంది రెండూ ఒకటే అనుకుంటారు. తాళం పట్టుకుని చూడండి, తేడా వెంటనే తెలుస్తుంది.

బడి పాట నుంచి సినిమా పాట, రేడియో పాట వైపు రావాలంటే మధ్యలో రైలెక్కాలి. 1950ల్లో జపాన్‌లో తప్పనిసరి చదువు పదిహేనేళ్లకు అయిపోయేది, దాదాపు సగం మంది అక్కడితో ఆపేసి పనిలో చేరేవారు. ఉత్తరాది పల్లెల్లో చేయడానికి పనిలేదు, టోక్యో ఫ్యాక్టరీల్లో మనుషుల్లేరు. 1954 నుంచి 1970ల దాకా బడి వదిలిన పిల్లల్ని గుంపులు గుంపులుగా రైళ్లలో టోక్యోకి తెచ్చారు. చాలా రైళ్లు దిగేది ఉఎనో స్టేషన్లో. ఆ పిల్లల్ని 'బంగారు గుడ్లు' అనేవారట. ముద్దుగా అన్నా మాటలో వ్యాపారం కనిపిస్తూనే ఉంది. 1964లో ఇజవా హచిరో పాడిన ఉఎనో స్టేషన్ పాట వాళ్లదే. దాని పేరుతో ఇవాళ స్టేషన్ ముందు శిలాఫలకం కూడా ఉంది. వాళ్లకి బడి వదలడమంటే నిజంగానే అమ్మనీ ఊరినీ వదలడం. జపాన్ పాటల్లో సొత్సుగ్యోకీ రైలుకీ పడిన ముడి అక్కడ పడింది. 1970ల మధ్యకు వందకు తొంభై మంది పైచదువుకు వెళ్తున్నారు. పిల్లల రైళ్లు ఆగిపోయాయి, ముడి మాత్రం విడిపోలేదు.

1974లో ఇసె షోజో రాసి తన బృందం కగుయహిమె ఆల్బంలో పెట్టిన 'నగొరి యుకి', మరుసటి ఏడాది ఇరుకా అనే గాయని గొంతులో పెద్ద హిట్టయింది. నగొరి యుకి అంటే చలికాలం పోతూ పోతూ కురిసే మంచు. ప్లాట్‌ఫాం మీద ఇద్దరు. ఈసారి అమ్మాయి టోక్యో వదిలి వెళ్లిపోతోంది, అబ్బాయి మిగిలిపోతున్నాడు. కిటికీ లోపల ఆమె ఏదో అంటోంది, అది 'సెలవు' అనే మాటేనేమోనని భయపడి తల దించుకుంటాడు. బడి ప్రస్తావన ఎక్కడా లేదు. అయినా మార్చి పాటల్లో దీన్ని చేర్చకుండా ఉండరు. ఇసె సొంతూరు క్యూషూ దీవిలోని త్సుకుమి. ఆ స్టేషన్లో రైలు బయల్దేరేముందు మోగేది ఈ బాణీయే.

1975లో అరాయ్ యుమి రాసిన 'సొత్సుగ్యో షషిన్' కోణం మార్చింది. షషిన్ అంటే ఫొటో. బడి వదిలి చాలా ఏళ్లయిన ఒకావిడ మనసు బాగోలేనప్పుడు తోలు అట్ట ఆల్బం తెరుస్తుంది. ఫొటోలోని మనిషి మారలేదు. తను మాత్రం జనంలో కొట్టుకుపోతూ మారిపోయింది. దూరం నుంచే నన్ను మందలించు అని ఆ మనిషిని అడుగుతుంది. బడి రోజులు ఇక్కడ దుఃఖం కాదు, తనను కొలుచుకునే కొలబద్ద. జపనీస్‌లో 'నత్సుకషీ' అని ఒక మాట ఉంది. పాతది ఏదైనా ఎదురైతే అప్రయత్నంగా నోట్లోంచి వచ్చేస్తుంది, అందులో సంతోషం పాలు ఎక్కువ. గుండెను ఎవరో పిండినట్టుంటే దాన్ని 'సెత్సునాయ్' అంటారు. ఈ పాట దాకా వీడ్కోలు పాటల్లో ఉన్నది ఎక్కువగా రెండోది. ఇక్కడి నుంచి రెండూ కలిసిపోయాయి.

ఇక 1985. ఆ ఏడు జనవరి నుంచి మార్చి లోపల 'సొత్సుగ్యో' అనే ఒకే పేరుతో నాలుగు వేర్వేరు పాటలొచ్చాయి. పాడినవాళ్లు ఒజాకి యుతాకా, సైతో యుకి, కికుచి మొమొకో, కురసవా అత్సుమి. వీటిలో మొదటి రెండూ ఒకే పేరు పెట్టుకున్నా ఒకదాని మొహం ఒకటి చూడనివి.

సైతో యుకికి అప్పుడు పద్దెనిమిదేళ్లు, అదే తన తొలి పాట. రాసింది మత్సుమొతో తకాషి, బాణీ త్సుత్సుమి క్యోహెయ్. పాటలోని అమ్మాయి ఏడవదు. కింది తరగతి పిల్లలు అతని కోటు బొత్తాల కోసం ఎగబడుతుంటే చూస్తూ నిలబడుతుంది. దూరమైనా ఫోన్ చేస్తానని అతను చిటికెన వేలు చాస్తాడు. నిలబెట్టుకోలేని మాట ఇవ్వకపోవడమే మేలనుకుంటుంది. టోక్యో వెళ్లి మారిపోబోయే మనిషిని కట్టి ఉంచలేనని తెలుసు. ఈ రోజు ఏడవకపోతే మనసు లేనిదంటారేమో, అయినా ఇంతకంటే పెద్ద దుఃఖానికి కన్నీళ్లు దాచుకుంటానంటుంది.

ఆ పెద్ద దుఃఖం ఏమిటో పాట చెప్పదు. ఇదే జంట తొమ్మిదేళ్ల కిందట, 1975 డిసెంబరులో ఒతా హిరొమి కోసం కట్టిన 'మొమెన్ నో హంకచీఫు' వింటే తెలుస్తుంది. అది ఉత్తరాల్లాంటి పాట. పట్నం రైలెక్కిన అబ్బాయి ఒక చరణంలో మాట్లాడితే, ఊళ్లో ఉన్న అమ్మాయి జవాబిస్తుంది. చరణానికో మెట్టు చొప్పున అతను మారిపోతాడు, ఇక తిరిగి రానంటాడు. అప్పుడు ఆమె మొదటిసారి ఒక వస్తువు కావాలని అడుగుతుంది, కన్నీళ్లు తుడుచుకోడానికి నూలు చేతిరుమాలు. 1975 అమ్మాయికి ఆఖర్లో తెలిసినది 1985 అమ్మాయికి ముందే తెలుసు. జరగబోయేదానికి ముందే బెంగ పెట్టుకుని, ఏడుపు వాయిదా వేసుకుంది. ఈ పాటలన్నిటిలో నాకు ఒక్కటే ఉంచుకోమంటే దీన్నే ఉంచుకుంటాను.

బొత్తాల సంగతి చెప్పాలి. మగపిల్లల నల్ల యూనిఫాం కోటుకు మెడ నుంచి కిందికి వరసగా ఐదు బొత్తాలుంటాయి. పైనుంచి రెండోది గుండెకు దగ్గర. ఇష్టపడిన అమ్మాయి గ్రాడ్యుయేషన్ రోజు ఆ బొత్తం అడుగుతుంది. అంతకు రెండేళ్ల ముందు, 1983లో నకజిమా మియుకి రాయగా కషివబరా యొషియె పాడిన పాటలో ఒకమ్మాయి గుర్తుగా బొత్తం అడుగుతుంది, తీసుకున్నాక ఆకాశంలోకి విసిరేస్తానంటుంది. అడిగింది దాచుకోడానికి కాదు!

ఒజాకిది వేరే లోకం. 1980ల మొదట్లో జపాన్ బడుల్లో కొట్లాటలు మితిమీరాయి. గ్రాడ్యుయేషన్ రోజు పోలీసుల్ని కాపలా పెట్టుకున్న బడులు కూడా ఉన్నాయి. బడి మధ్యలో మానేసిన ఒజాకి, తన తోటివాళ్లు సర్టిఫికెట్లు అందుకుంటున్న 1984 మార్చి 15నే షింజుకులో తొలి కచేరీ చేశాడు. మరుసటి జనవరిలో వచ్చిన అతని 'సొత్సుగ్యో'లో రాత్రిపూట బడి కిటికీ అద్దాలు పగలగొట్టే కుర్రాడున్నాడు. ఈ పెత్తనం నుంచి బయటపడ్డాం సరే, అసలు నన్ను నేను చేరుకోవాలంటే ఇంకెన్ని సొత్సుగ్యోలు కావాలి అని అడుగుతాడు. ఒజాకి 1992లో, 26 ఏళ్లకే పోయాడు. ఆ పాటను ఏ బడీ వేడుకలో పాడించదు. అయినా ఆ తరంవాళ్లకి గ్రాడ్యుయేషన్ పాట అంటే ముందు గుర్తొచ్చే వాటిలో అదీ ఒకటి.

బడి జిమ్నాజియంలో పాత పాటలు ఖాళీ చేసిన చోటుకు వచ్చింది మాత్రం రేడియో పాట కాదు. టోక్యోకి వాయవ్యంగా కొండల మధ్య ఉన్న చిచిబులో, కగెమొరి అనే జూనియర్ హైస్కూల్ ఉంది. 1980ల చివర్లో ఆ బడికి ప్రిన్సిపాల్‌గా వచ్చిన కొజిమా నొబోరు, అల్లరితో సతమతమవుతున్న బడిని పాటతో దారిలో పెట్టాలనుకున్నాడు. సంగీతం టీచర్ సకమొతో హిరొమి ఆయనకు తోడు. 1991 ఫిబ్రవరి చివర్లో, వెళ్లబోయే పిల్లలకు మనమే ఒక పాట కట్టిద్దాం, మాటలు రాయండి అని ఆమె ఆయన్ని అడిగింది. నాకంత చేతకాదని ఆయన తప్పించుకున్నాడు. మర్నాడు పొద్దున్నే ఆమె బల్ల మీద కాగితం ఉంది. అది పట్టుకుని సంగీతం గదిలోకి వెళ్లిన ఆమెకు పావుగంటలో బాణీ వచ్చేసిందట. పిల్లలకు చెప్పకుండా టీచర్లంతా నేర్చుకుని, వీడ్కోలు సభలో వేదికెక్కి పాడారు. ఒక్కసారి కోసమే కట్టిన పాట. కొజిమా ఆ మార్చిలోనే రిటైరయ్యాడు.

ఆ పాటే 'తబిదాచి నో హి ని', ప్రయాణమయ్యే రోజున. తర్వాతి ఏడాది ఆ బడి పిల్లలు తామే పాడుకున్నారు. సంగీతం టీచర్ల చేతుల మీదుగా ఒక బడి నుంచి ఇంకో బడికి పాకి, పదేళ్లు తిరిగేసరికి దేశమంతటా పాత రెండు పాటల చోటును చాలావరకు ఆక్రమించింది. 2007లో స్మాప్ అనే పాప్ బృందం కూడా పాడింది. ఎందుకు అంతగా పట్టుకుంది? మెల్లగా మొదలై చివర్లో ఒక్కసారిగా వేగం అందుకోవడం, ఆడపిల్లల గొంతులూ మగపిల్లల గొంతులూ ఒకదాని వెనక ఒకటి వచ్చి కలవడం ఒక కారణం. నాకు అంతకన్నా ముఖ్యంగా తోచేది ఇంకొకటి. 'ఆఓగెబా తోతోషి'లో పిల్లలు తలెత్తి గురువును చూస్తారు. ఇక్కడ గురువులు పిల్లల్ని చూస్తూ పాడారు. పాటలో గురువు ఊసే లేదు. కొండలు, ఆకాశం, స్నేహితులు, రెక్కలు, అంతే. పిల్లలు ఇబ్బంది లేకుండా తమ పాటగా చేసుకోగలిగారు.

2000ల తర్వాత పాటలన్నిటా సకురా పూలే, అంటే చెర్రీ పూలు. 2003లో మొరియమా నఒతరో పాడిన 'సకురా' మొదట ఎవరికీ పట్టలేదు, వారాల తర్వాత మెల్లగా ఎక్కి మొదటి స్థానానికి చేరింది. దాని వెనకే కెత్సుమెయిషి, కొబుకురో, ఇకిమొనొగకరి అందరూ సకురా పాటలు పాడారు. అసలు చిక్కేమిటంటే, వేడుకలు మార్చి మధ్యలో అయిపోతాయి. టోక్యోలో సకురా విచ్చుకునేది మార్చి చివరి వారంలో. ఉత్తరాన హొక్కయిదోలో అయితే ఏప్రిల్ చివర గానీ మే నెల గానీ రావాలి, మార్చిలో అక్కడ మోకాలి లోతు మంచుంటుంది. అంటే పాటలో పిల్లల భుజాల మీద రాలే పూలు ఆ రోజుకి మొగ్గలే. కానీ ఊళ్లలో కనిపించే సొమెయి యొషినో రకం చెట్లన్నీ ఒకే చెట్టు నుంచి అంట్లు కట్టినవి. ఒక చోట ఉన్నవన్నీ ఒకేసారి పూసి, వారం పది రోజుల్లో ఒకేసారి రాలిపోతాయి. ఒక బ్యాచ్ లాగా! పాట రాసేవాడికి అంతకన్నా ఏం కావాలి, తేదీలు ఎవరు చూస్తారు.

పెళ్లి పాట సంగతి. యమనషికి చెందిన రెమియొరొమెన్ బ్యాండ్‌లో ముగ్గురూ ఒకే ఊరి బడిలో చదువుకున్నవాళ్లు. వాళ్ల స్నేహితుడి పెళ్లి మార్చి 9న. మూడు 'సాన్', తొమ్మిది 'క్యూ', కలిపితే జపాన్ యాసలో థాంక్యూ. పెళ్లికి కానుకగా కట్టిన ఆ పాటను 'మార్చి 9' అనే పేరుతో 2004లో అదే తేదీన విడుదల చేశారు. మరుసటి ఏడాది ఓ టీవీ డ్రామాలో హైస్కూల్ పిల్లలు దాన్ని బృందగానంగా పాడారు. ఆ తర్వాతి మార్చి నుంచి అది గ్రాడ్యుయేషన్ పాట. ఇంతకుముందు 1979లోనూ ఇదే జరిగింది. కయిఎన్‌తయ్ బృందానికి చెందిన తకెదా తెత్సుయా, తనను ఒకమ్మాయి కాదన్న జ్ఞాపకంతో 'ఒకురు కొతొబా' రాశాడు. అదే సమయంలో టీవీలో అతను కింపచి అనే స్కూల్ మాస్టారుగా నటిస్తున్నాడు. ఆ సీరియల్‌కి ఇదే టైటిల్ పాట అయ్యేసరికి, విన్నవాళ్లకి అది పంతులు పిల్లలకిచ్చే ఆశీర్వాదంలా వినిపించింది. జాగ్రత్తగా వింటే నా అంతగా నిన్ను ప్రేమించిన మనిషి ఇంకొకడు లేడని గింజుకుంటున్న కుర్రాడి గొంతు అది.

టీవీ కాకుండా ఇంకో దారి కూడా ఉంది. ఎన్‌హెచ్‌కే అనే అక్కడి ప్రజా ప్రసార సంస్థ ఏటా బడుల మధ్య బృందగాన పోటీ పెడుతుంది, ఒక్కో విభాగానికి అందరూ పాడాల్సిన పాట ఒకటి ఇస్తుంది. 2008లో జూనియర్ హైస్కూల్ వాళ్లకి ఇచ్చింది ఏంజెలా అకి రాసిన 'తెగమి', అంటే ఉత్తరం. పదిహేనేళ్లప్పుడు తన భవిష్యత్తుకు తానే రాసుకున్న ఉత్తరాన్ని, ముప్ఫయ్యో పుట్టినరోజుకి వాళ్లమ్మ ఆమెకు పంపింది. దాని నుంచి పుట్టిన పాట. పిల్లలు నెలల తరబడి సాధన చేస్తారు, మార్చి వచ్చేసరికి బాగా నోటికొచ్చిన పాట అదే. వేడుకలోనూ అదే పాడతారు. పదిహేనేళ్ల పిల్ల ముప్ఫయ్యేళ్ల తనతో మాట్లాడటం, ముప్ఫయ్యేళ్లావిడ వెనక్కి జవాబివ్వడం. ముందే పెట్టుకునే బెంగ అని నేను దేన్నంటున్నానో ఈ పాట దాన్ని రెండు వైపుల నుంచీ చూపిస్తుంది.

'సొత్సుగ్యో' మాట ఇప్పుడు బడి దాటి పోయింది. ఆ 1985లో కికుచి మొమొకో పాట రాసిన అకిమొతో యసుషి, అదే ఏడాది మొదలైన ఒన్యాంకో క్లబ్ అనే అమ్మాయిల బృందానికీ పాటలు రాశాడు. 1986లో ఒకమ్మాయి ఆ బృందం వదిలి వెళ్తుంటే దాన్ని సొత్సుగ్యో అన్నారు, ఒక పాట కూడా కట్టి పంపారు. తర్వాత అకిమొతో పెట్టిన ఏకేబీ48 అనే అమ్మాయిల బృందంలో అది ఆచారమైపోయింది. 2012లో అందులోని మయెదా అత్సుకో వెళ్లిపోయినప్పుడు దేశమంతా వార్త. మానేసింది, తీసేశారు అనే మాటల చేదును ఈ మాట భలే కప్పేస్తుంది. టీవీ కార్యక్రమం నుంచి యాంకర్ తప్పుకున్నా సొత్సుగ్యో అనే అంటున్నారు.

2020 ఫిబ్రవరి 27న ప్రధాని అబె షింజో దేశంలోని బడులన్నీ మార్చి 2 నుంచి మూసేయమని కోరారు. ఆ మార్చిలో వేడుకలు కొన్ని చోట్ల రద్దయ్యాయి. కొన్ని చోట్ల తల్లిదండ్రుల్ని రానివ్వకుండా, కుర్చీలు దూరం దూరంగా వేసి, మాస్కులతో కానిచ్చారు. నోరు తెరిచి పాడితే ప్రమాదం కాబట్టి చాలా బడుల్లో మొదట కోసేసింది పాటనే. నెలల నుంచి నేర్చుకున్నవాళ్లు పెదవి కదపకుండా కూర్చుని సర్టిఫికెట్లు తీసుకుని ఇళ్లకు వెళ్లారు. ఆ సాయంత్రం వాళ్ల పేటలోని సూపర్‌మార్కెట్‌లో, కట్టేసే వేళకి మూడు లెక్కల వాల్ట్జ్ మాత్రం ఎప్పటిలాగే మోగి ఉంటుంది.